పద్నాలుగు అంగుళాలు

పోలిశెట్టి వారి మేడ
మూడో రోజు కూడా లెక్కకు కుదరలేదు.
వీధి గోడ కింద ఇరవై ఏడు అడుగుల రెండంగుళాలు,
అదే గోడ పై అంతస్తులో ఇరవై ఎనిమిది అడుగుల నాలుగు.
"టేపు వదులుగా పట్టావు" అని ఏసుపాదాన్ని కసిరాను.
వాడేమీ అనలేదు. చెమట తుడుచుకుని
సున్నా మీద మళ్ళీ బొటనవేలు నొక్కాడు.

వన్‌టౌన్‌లో మే నెల.
కొండ నీడ ఈ సందులోకి దిగడానికి ఇంకా రెండు గంటలు.
వారసత్వ కట్టడాల ఫారం మోకాలి మీద పెట్టుకుని రాశాను:
గోడ మందం రెండడుగులు. గానుగ సున్నం, కరక్కాయ, బెల్లం.
బెల్లం అన్న మాట విని ఏసుపాదం
పెచ్చూడిన చోట నిజంగానే నాలుక పెట్టి చూశాడు.
"ఉప్పగా ఉంది మేడం."

మండువా చుట్టూ ఎనిమిది స్తంభాలు.
ఏడు బర్మా టేకు. ఎనిమిదోది రైలు పట్టా,
తెల్లరంగు పూసుకుని
తననెవరూ గుర్తుపట్టరన్నట్టు నిలబడి ఉంది.
వాసాల మీద నిలువు ఇటుక, ఇటుక మీద గచ్చు.
మెట్ల పక్క గూట్లో మసి, దీపం లేదు.
ద్వారం పైన రంగుటద్దాల్లో ఎరుపు ఉంది, ఆకుపచ్చ ఉంది,
నీలం పగిలిన చోట ఎక్స్‌రే ఫిల్ము అతికించారు.
ఎవరివో పక్కటెముకల్లోంచి
మధ్యాహ్నం నేల మీద పడుతోంది.

వీధి మూల మీద చీరలకు ఫాల్స్ కుట్టే కాశింబీ
మూడు రోజులుగా నా తిట్లు వింటోంది.
దారం పంటితో తెంపి అంది:
"పిల్లాణ్ణెందుకమ్మా అంటావు? గోడనడుగు."

చూశాను. మూలకు మూల లేదు.
నేల నుంచి మనిషి తల దాటే దాకా
కత్తితో కొబ్బరి చెక్క కోసినట్టు ఏటవాలుగా చెక్కేసి ఉంది.
ఆ పైన మూడు వరుసల ఇటుక
ఒక్కొక్కటీ కాస్త ముందుకు జరిగి
పై గదికి దాని మూలను తిరిగి ఇచ్చాయి,
రద్దీ బస్సులో నిలబడ్డవాడు
కూర్చున్నవాళ్ళ మీదుగా కిటికీ కమ్మీ అందుకున్నట్టు.
మూడు రోజులూ దాన్ని రాసుకుంటూనే తిరిగాను.

"మూల ఉంటే పాడె తిరగదు. జనాజా అయినా అంతే.
ఈ సందులో ఎవరు పోయినా ఇటే పోవాలి."

పునాదులు తవ్విన ఏడు కలరా అట.
మేస్త్రీ కట్టిన దారం దగ్గర ఒక పాడె ఇరుక్కుందట.
మోసేవాళ్ళు వెనకడుగు వేయకూడదు, ముందుకు దారి లేదు.
మేస్త్రీ మేకు పీకి లోపలికి పాతాడట.
గొడుగు కింద నుంచి శెట్టిగారు అడిగారట:
"ఎంత పోతుంది?"
"జానెడున్నర, బాబూ."
"సరే. పైన తీసుకుందాం."

అది దయో, బేరమో.
కాశింబీకి వాళ్ళ నానీ చెప్పింది,
నానీకి ఎవరు చెప్పారో కాశింబీకి తెలీదు.
చెక్కిన గోడ మీద చెయ్యి పెట్టాను.
భుజాల ఎత్తున ఒక పట్టీ మేర
సున్నం అద్దంలా నున్నబడింది.
"మా ఆయన కూడా ఇక్కడే తిరిగాడు" అని
ఆవిడ మళ్ళీ మిషను తొక్కింది.

ఫారంలో శైలికి గడి ఉంది, కాలానికి ఉంది,
కప్పుకి, తలుపులకి, చెదలకి ఉంది.
దీన్ని ఏ గడిలో రాయాలో తెలియక
నక్షాలో మాత్రం గీశాను.
పైనున్నదాన్ని చుక్కల గీతతో చూపాలన్నది పద్ధతి;
చుక్కలకూ గోడకూ నడుమ
చిన్న ముక్కోణం తెల్లగా మిగిలింది.

ఆఫీసు నుంచి ఎర్ర సిరాతో తిరిగొచ్చింది:
"మూల కలవలేదు. సరిచేసి పంపగలరు."

ఏసుపాదానికి ముందు నిమ్మసోడా ఇప్పించి
మళ్ళీ వెళ్ళి కొలిచాను.
పద్నాలుగే.